పొట్ట మీద తెల్లచుక్క

మార్చి 3

తప్పు ఇది: వదిన పాపకు పాలిచ్చుకునే గదికి ఈ రోజు తాళం పడింది. వేసింది సూపర్‌వైజరు. పైవాళ్లు చెప్పారు కాబట్టి వేశానన్నాడు గానీ తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఈ ముక్కలు ముందుగా రాసి పెట్టుకుంటున్నాను. రేపు నా కోపం చల్లారినా కాగితం మీదిది చల్లారకూడదు.

అదేమంత గది కాదు. నేనూ వదినా పనిచేసే, పరిశోధనకు ఎలుకల్ని పెంచే యానిమల్ హౌస్ వెనక వరండా చివర, విరిగిన బోన్లు పడేసే గది. ఒక స్టూలు, ఒక కిటికీ, తలుపుకు లోపలి నుంచి గడియ. ఆ గడియే దాని గొప్ప. మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మ పాపను ఎత్తుకుని వెనక గేటుకు వస్తుంది. తల్లి ఎలుకల గదిలోంచి వదిన బయటపడి, చేతులు కడుక్కుని, కోటు విప్పి, అరగంట అక్కడ కూర్చుంటుంది. మళ్లీ కడుక్కుని, వేరే కోటు వేసుకుని లోపలికి పోతుంది. సాయంత్రం ఆ అరగంట ఎక్కువ పనిచేసి దిగుతుంది. ఎవరి సొమ్మేం పోయింది?

సూపర్‌వైజరు చెప్పిన కారణం వినాలి. బయటి పిల్ల వాసన, పాల వాసన వదిన ఒంటిని అంటుకుని లోపలికి వస్తోందట. దానికి తల్లి ఎలుకలు బెదిరిపోతున్నాయట. సెంటు పూసుకుని రావద్దనీ, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు బట్టలు మార్చుకోవాలనీ మాకు నియమాలున్న మాట నిజమే. వాటి సరసన తన మాటను కూడా పెద్దమనిషిలా కూర్చోబెట్టాడు.

ఒంటిగంట దాటాక వదిన కోటు ముందువైపు తడిసింది. అప్పటి నుంచి దాణా బకెట్‌ను గుండెకు ఆనించుకునే తిరిగింది. గేటు దగ్గర పాప ఏడుపు వరండా దాకా వినపడింది. దాని గొంతు అలాంటిది. అందుకే నేను దానికి సైరన్ అని పేరు పెట్టాను.

నేను ఊరుకోను.

మార్చి 4

అన్న ఫోన్ చేశాడు. లారీ ఎక్కి వారాలైంది, ఇంకా ఏ రోడ్డు మీదో ఉన్నాడు. సంగతి చెబితే, గొడవలు పెట్టుకోకురా, వదిన ఉద్యోగం జాగ్రత్త అన్నాడు. సొంత కూతురు పస్తుంటే కూడా ఈ మనిషికి రక్తం వేడెక్కదు.

రక్తం అంటే గుర్తొచ్చింది. మా పెద్దాయన, అంటే ఈ పరిశోధన అంతటికీ అధిపతి, ఏం కనిపెట్టాలని చూస్తున్నాడో తలచుకుంటే నవ్వొస్తుంది. మామూలప్పుడు పరాయి మగ ఎలుకను చూసి మూలకు నక్కే ఆడ ఎలుక, పిల్లలు పెట్టాక అదే మగవాడిని తన బోనులో వదిలితే ఒక్క దూకున మీద పడి కరుస్తుంది. ఎంత త్వరగా పడింది, ఎంతసేపు కరిచింది, అప్పుడు దాని రక్తంలో ఏ హార్మోను ఎంతుంది, ఇదంతా రాసుకుంటారు. పిల్లను నాకే లాలన, మగవాడిని కరిచే కోపం, రెండూ ఒకే చోటి నుంచి వస్తాయని ఆయన నమ్మకం.

నాకు హార్మోను అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. నా దగ్గరున్న చిన్న పుస్తకాల్లో స్పష్టంగా ఉంది: స్వభావం అనేది లేదు, పరిస్థితులే ఉన్నాయి. కోపం గ్రంథుల్లోంచి ఊరదు, అన్యాయంలోంచి పుడుతుంది. ఈ మాటే పరీక్షలు చేసే అమ్మాయితో అన్నాను. ఆమెను అందరం డాక్టరక్క అంటాం, ఇంకా డాక్టరు కాకపోయినా. ఆమె మగ ఎలుకను తోకపట్టి ఎత్తుతూ తల కూడా తిప్పకుండా అడిగింది.

“అన్యాయం చెవిలో దూరి నేరుగా పిడికిల్లోకే వస్తుందా? మధ్యలో ఎక్కడా ఆగదా?”

చదువుకున్నవాళ్ల వెటకారం. జవాబు రేపు చెబుతాను.

మార్చి 5

కరపత్రం రాశాను. ‘మేలుకో శ్రామిక మహిళాలోకమా’ అని మొదలుపెట్టాను. పాలకవర్గం, దోపిడీ, సంకెళ్లు, అన్నీ వచ్చాయి. తల్లి ఎలుకల గది గోడకు అంటించిన నియమం కూడా ఎక్కించాను: ‘పిల్లల్ని తల్లి నుంచి అవసరానికి మించి దూరంగా ఉంచరాదు.’ ఎలుకకు ఉన్న ఈ హక్కు మా వదినకు లేదు, ఆమె ఎలుకకన్నా హీనమా అని అడిగాను. ఈ ముక్క రాసేటప్పుడు నాకే గుండె ఉప్పొంగింది.

వదిన గిన్నెలు తోముతూ చదవమంది. చదివాను. మహిళాలోకం అంటే ఎవరు, ఈ రోజు పనికి వచ్చిందా అని అడిగింది. తర్వాత నా గది ఇందులో ఎక్కడుంది అంది. మూడో పేరాలో ఉందని చూపించాను. నన్ను ఎలుకతో తూచావన్నమాట అంది. “ఎలుకపిల్లల్ని తూచడం నీ పని కదా మరిదీ, ఇంట్లో కూడా మానవా?”

ఆమెకు చైతన్యం రావడానికి కాస్త టైం పడుతుంది.

మార్చి 6

ఈ రోజు నుంచి మధ్యాహ్నాలు గేటు దగ్గరే. అన్ని విభాగాల వాళ్లూ తిండికి బయటికి వచ్చేది అప్పుడే, కరపత్రం చేతిలో పెట్టడానికి అదే అదను.

నా పనికి ఇబ్బంది రాకుండా ఏర్పాటు చేసుకున్నాను. డాక్టరక్క పరీక్షకు వచ్చే కాస్త ముందు, బోను బోనులోంచీ పిల్లల్ని తీసి, పత్తి పరిచిన ట్రేలో వెచ్చటి దీపం కింద పెట్టడం నా పని. లేకపోతే తల్లికీ మగవాడికీ మధ్య గొడవలో నలిగిపోతాయి. పరీక్ష జరుగుతుండగా వాటి బరువు తూచి, అవ్వగానే తల్లి దగ్గర పెట్టేస్తాను. ఇదంతా మధ్యాహ్నమే చేస్తూ కూర్చుంటే గేటు దగ్గర ఎవరుంటారు? పొద్దున్నే అన్నిటినీ ఒకేసారి తీసి ట్రేలో సర్దేశాను. వెచ్చగా ఉన్నాయి, పత్తి మెత్తగా ఉంది. డాక్టరక్క వచ్చేసరికి ట్రే సిద్ధం. ఆమెకు తేడా ఏమీ తెలియలేదు, తేడా ఉంటే కదా.

మార్చి 7

కరపత్రాలు అయిపోయాయి. ఇంకా కొట్టించాలి.

మార్చి 9

సెలవు. అమ్మకు మోకాళ్ల నొప్పి, వదినకు ఒళ్లు వేడి. పాలు గడ్డకట్టి నొప్పి పుడుతోందని అమ్మతో అంటుంటే విన్నాను. వినపడనట్టు కరపత్రాలు మడతపెట్టుకున్నాను. ఆమెను పడుకోనిచ్చి పాపను నేను తీసుకున్నాను.

సీసా పెడితే నాలుకతో నెట్టేసింది. చెంచాతో పోస్తే నా చొక్కా తాగింది. ఇల్లంతా తిప్పాను, కిటికీలోంచి రోడ్డు మీద బస్సులు చూపించాను, నా కరపత్రంలోని మొదటి పేరా వినిపించాను. అది విని ఇంకా గట్టిగా అందుకుంది. చివరికి ఒక ఉపాయం తట్టింది. బోన్లు మార్చేటప్పుడు పాత గూటిలోంచి పిడికెడు పీచు తీసి కొత్త బోనులో వేయడం వదిన నాకు మొదట నేర్పిన పని. అంతా శుభ్రం చేసి పారేస్తే తల్లికి తన ఇల్లు తెలియదు, బెదిరి పిల్లలకు హాని చేసినా చేస్తుంది. వదిన కప్పుకునే పాత శాలువా తెచ్చి సైరన్‌ను అందులో చుట్టాను. ముక్కు దానికి రాసుకుని కాసేపు చూసి, చెంచాలో పాలు తాగింది. మొత్తం తాగింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోరాటంలో భాగంగానే చేశాను.

మార్చి 10

పొద్దున పాప ఏడవకముందే నాకు మెలకువ వచ్చింది. నేను లేచి చూసేసరికి అది కళ్లు తెరుచుకుని నోరు చప్పరిస్తోంది. ఎలా తెలిసిందో.

డాక్టరక్కకు ఊరికే అన్నట్టు చెప్పాను. పిల్లలు పెట్టని ఆడ ఎలుకల గురించి ఆమె చెప్పింది. చంటిపిల్లల్ని వాటి దగ్గర పెడితే మొదట దూరంగా తప్పుకుంటాయట, కొన్ని మీద పడతాయి కూడా. రోజూ అలాగే ఉంచితే కొన్నాళ్లకు గూడు కట్టి పిల్లల్ని నోట కరుచుకుని తెచ్చుకుంటాయట. చూశావా, పుస్తకంలో ఉన్నదే నిజం, అంతా పరిస్థితే అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. కడుపుతో ఉండి కన్నదానికి అన్ని రోజులు పట్టదు, పిల్ల బయటపడ్డ క్షణానికి అది సిద్ధంగా ఉంటుంది, ఆ సిద్ధం చేసేది హార్మోనే అంది. “కానీ సిద్ధం చేయడం వరకే. తర్వాత నిలబెట్టేది పిల్లే. పక్కన ఉండాలి, తాగాలి.”

మరి మగవాటి సంగతేమిటని అడిగాను. కొన్ని చంపేస్తాయి, కొన్ని సాకుతాయి అంది. నువ్వెందుకు అడుగుతున్నావు అంది. ఊరికే అన్నాను.

ఇంకో మాట. ట్రేలో పిల్లల పొట్టల మీద తెల్లచుక్క కనబడలేదు. పుట్టిన కొత్తలో చర్మం పలచగా ఉండి, తాగిన పాలు లోపల తెల్లగా మెరుస్తాయి. ఈ రోజు పొట్టలన్నీ ఎర్రగా, ముడతలుగా ఉన్నాయి. ఈ మధ్య మార్చిన కొత్త దాణా పడటం లేదేమో తల్లులకు. బరువు కూడా తగ్గింది. కొత్త దాణాయే.

మార్చి 11

కుట్ర బయటపడింది.

కొన్నాళ్లుగా తల్లి ఎలుకలు కరవడం లేదట. మగవాడిని లోపల వదిలితే వాసన చూసి, పక్కకు తప్పుకుని, ఒళ్లు నాక్కుంటున్నాయట. పరీక్షలన్నీ పాడయ్యాయి. సూపర్‌వైజరు పెద్దాయన ముందు నిలబడి, నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఆ పిల్లతల్లి వాసనే అన్నాడు. గదికి తాళం వేసినా ఇంటి నుంచి మోసుకొస్తోంది కదా అన్నాడు. అక్కడికక్కడే వదినను తల్లుల గది నుంచి తీసి, బోన్లు కడిగే గదిలో వేశారు. శుక్రవారం పెద్దాయన తేలుస్తాడట, ఉంచాలా పంపాలా అని.

కడిగే గదిలో ఆవిరి, సోడా, ముంజేతుల దాకా చిల్లులు పడ్డ రబ్బరు తొడుగులు. అక్కడి నుంచి గేటు కూడా కనబడదు.

ఆ సూపర్‌వైజరు ఏమన్నాడో కూడా రాసి ఉంచుతాను. పాలిచ్చే ఆడది ఎలుకైనా మనిషైనా ఒకటే, ఎప్పుడు ఎవరి మీద పడుతుందో చెప్పలేం అన్నాడట. పక్కన ఇద్దరు నవ్వారట. వదిన ఎవరి మీద పడింది? నేను పడతాను. ఎప్పుడో చెప్పగలను కూడా.

మార్చి 12

సైకిల్ స్టాండ్ దగ్గర మీటింగ్ పెట్టాను. కడిగే గది ఆడవాళ్లు, దాణా మోసేవాళ్లు, ఆఫీసులో టైపు చేసే ఆవిడ వచ్చారు. నేను స్టాండ్ అంచు మీదికెక్కి మాట్లాడాను. మాట్లాడుతున్నంతసేపూ ఒంట్లో ఏదో ఉరికింది. అదే ఉత్తేజం అంటే. హార్మోను అనేవాళ్లు అనుకోనీ.

టైపు ఆవిడ మధ్యలో లేచింది. తన బాబుకు ఎనిమిదో నెల అనీ, రోజూ టాయిలెట్‌లో నిలబడి పాలు పిండి పారబోస్తున్నాననీ, ఆ గది ఉందని ఇన్నాళ్లూ తనకు ఎవరూ చెప్పలేదనీ అంది. మెల్లగానే అంది. నా ఉపన్యాసానికి రాని నిశ్శబ్దం దానికి వచ్చింది.

అందరూ ఒక ప్రశ్న అడిగారు. ఎలుకలు మెత్తబడింది వాసన వల్ల కాకపోతే మరి దేని వల్ల? అది వాళ్లు అల్లిన కట్టుకథ అన్నాను. టైపు ఆవిడ నావైపే చూస్తూ, కట్టుకథ అయితే బాగుండు, లెక్కలు నేనే టైపు చేశాను, నిజంగానే కరవలేదు అంది.

మార్చి 13

డాక్టరక్క టీ తాగుతూ పిలిచింది. మనిషి నిద్రపోయినట్టు లేదు. రక్తం పరీక్షలు వచ్చాయట. హార్మోన్లన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయట. పాలున్నాయి, గూడు కట్టుకుంటున్నాయి, పిల్లల్ని వెనక్కి పెడితే ఒడిలోకి లాక్కుంటున్నాయి. కోపం ఒక్కటే లేదు.

“ఇలా ఒక్క సందర్భంలోనే అవుతుంది” అంది. “పిల్లల్ని గంటల తరబడి తీసేస్తే. కొద్దిసేపు తీస్తే తల్లికి ఆ కోపం అలాగే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ చల్లారిపోతుంది. పిల్లను తెచ్చి మళ్లీ పొదుగు దగ్గర పెట్టామా, కాసేపట్లో తిరిగొస్తుంది. కానీ మనం అలా తీయం కదా.”

“తీయం” అన్నాను.

సాయంత్రం

రాయడానికి ఏమీ లేదు.

ఉంది. సూపర్‌వైజరు తాళం వేయకపోతే నేను గేటుకు వెళ్లే పని ఉండేది కాదు. కాబట్టి మూలకారణం అతనే. ఇది తర్కం. నేను ఇప్పుడు బయటపడితే లాభం ఎవరికి? అతనికే. చూశారా, కరపత్రాలు పంచేవాళ్లు పని ఎగ్గొడతారు అంటాడు. మీటింగ్‌కు వచ్చినవాళ్లు చెదిరిపోతారు. ఉద్యమం కోసం వ్యక్తి కొన్ని మింగాలి. పుస్తకంలో ఉంది. ఏ పుస్తకంలోనో ఇప్పుడు దొరకడం లేదు.

శుక్రవారం అంటే రేపే.

వదిన కడిగే గది నుంచి వచ్చింది. సోడాకు ఆమె వేళ్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. పాపను ఒళ్లో వేసుకుంది. అది ముందు మొహం తిప్పుకుంది, సోడా వాసనకు. వదిన శాలువా కప్పుకున్నాక గానీ అందుకోలేదు. అది చూశాక నీళ్లు నమలడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. పొద్దున్నే తీయడం, ట్రే, దీపం, గేటు, అన్నీ.

వదిన పాప తల నిమిరింది. తర్వాత అడిగింది.

“పొట్టలు చూశావా?”

“చూశాను. తెల్లచుక్క లేదు.”

“చూసి?”

“దాణా అనుకున్నాను.”

“ఏడ్చాయా?”

“వాటి ఏడుపు మన చెవికి అందదు వదినా. డాక్టరక్క దగ్గర మిషను ఉంది, దాంట్లో వినపడుతుంది.”

“నా కూతురిది అందింది కాబట్టి కరపత్రం కొట్టించావు” అంది. “మిషను ఉంటే వాటికీ ఒకటి కొట్టించేవాడివేమో.”

నేను తల దించుకున్నాను. ఆమె నవ్విందో ఏడ్చిందో చూడలేదు. మా మరిది పుణ్యమా అని ఆవిరి స్నానం దొరికింది, ఒళ్లు నొప్పులు పోయాయి అంటోంది అమ్మతో. అమ్మ నావైపు చూసిన చూపు మాత్రం జన్మలో మరచిపోను.

ఉద్యమం పరువు గురించి నేను లెక్కవేసిందంతా వదిన ముందు పెట్టాను. వింది. చివరికి ఒక్క మాటే అంది. “నాకు గది కావాలి. నీ పరువు సంగతి తర్వాత చూసుకుందాం.”

మార్చి 14

చెప్పాను. పెద్దాయన గదిలో, సూపర్‌వైజరు నిలబడి ఉండగా, డాక్టరక్క ఉండగా. ఏదీ దాచలేదు. మూలకారణం తర్కం ఎత్తలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

పెద్దాయన అరవలేదు. ఏ రోజు నుంచో అడిగి రాసుకున్నాడు. అదే నయం, అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. డాక్టరక్క నా మొహం కూడా చూడలేదు. నిన్న నేను ‘తీయం’ అన్న మాట ఆమె చెవిలోనే ఉండి ఉంటుంది.

సూపర్‌వైజరు వదల్లేదు. పిల్లల్ని తీయడం ఒక కారణం కావచ్చు, వాసన ఇంకో కారణం కావచ్చు, వదిన లేకుండా పరీక్ష చేసి చూద్దాం అన్నాడు. అప్పుడు డాక్టరక్క అందుకుంది. వాసన కారణమో కాదో తేలాలంటే వాసన ఉండాలి కదండీ, ఆమె లోపల ఉండాల్సిందే, అదీ పాపకు పాలిచ్చి నేరుగా రావాలి అంది. ఆ ‘అండీ’ని ఆమె ఎంత మెత్తగా పలికిందంటే, పెద్దాయన కళ్లజోడు సర్దుకుని సరే అన్నాడు.

మార్చి 17

ఈ రోజు పరీక్ష, కొత్తగా పిల్లలు పెట్టిన తల్లులతో. నన్ను ట్రే ముట్టనివ్వలేదు, గాజు తలుపు బయట నిలబడి చూశాను.

వదిన గేటు దగ్గర, గోడ వైపు తిరిగి, శాలువా చాటున పాపకు పాలిచ్చి వచ్చింది. కాపలా కాసే గేటు మామ అంతసేపూ తన కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. వదిన చేతులు మాత్రం కడుక్కుని తల్లుల గదిలో నిలబడింది. సరైన వేళకు, కాస్త ముందుగా మాత్రమే, పిల్లల్ని తనే తీసింది. ఒక్కో పిల్లనూ వేలి మీద వెల్లకిలా తిప్పి పొట్ట చూసి మరీ ట్రేలో పెట్టింది. బయట ఉన్నా నాకు తెలుసు, తెల్లచుక్కలు చూస్తోంది.

మొదటి బోనులో మగవాడిని వదిలారు. తల్లి ముక్కు ఎత్తింది. తర్వాత నాకు సరిగ్గా కనబడలేదు, అంత వేగం. వాడు మూలకు పోయి ముందుకాళ్లు ఎత్తి నిలబడిపోయాడు. డాక్టరక్క వాడిని ఎత్తేశాక ఆ తల్లి తరమడానికి ఎవరూ లేరని చూసుకుని, తిరిగి వెళ్లి ఖాళీ గూడు సర్దుకోవడం మొదలుపెట్టింది. పీచు పోగు పోగు తెచ్చి అంచు కట్టింది. పిల్లలు ఇంకా ట్రేలోనే ఉన్నాయి. వస్తాయని తెలిసినట్టే కట్టింది.

అన్ని బోన్లలోనూ అంతే. ఒక్క తల్లి కూడా మెత్తబడలేదు. వదిన ఒంటి మీద పాల వాసన అలాగే ఉంది.

సిద్ధం చేసేది హార్మోను, నిలబెట్టేది పిల్ల. డాక్టరక్క అన్న ఈ మాట నా పుస్తకం అట్ట వెనక రాసుకున్నాను. పుస్తకాన్ని కొట్టేయలేదు. పక్కన రాసుకున్నాను.

మార్చి 18

వదిన మళ్లీ తల్లుల గదిలోకి వచ్చింది. నన్ను నెల రోజులు లోపలికి రావద్దన్నారు. సబబే. ఈ ముక్క రాయడానికి కలం మొరాయించింది గానీ సబబే.

తాళం మాత్రం తీయలేదు.

వదిన వెళ్లి అడిగిందట, వాసన వల్ల కాదని తేలింది కదా, గది తెరవండి అని. పరీక్ష వేరు, గది వేరు అన్నాడట సూపర్‌వైజరు. ఇప్పుడు అందులో దాణా బస్తాలున్నాయట. నిజమే, తాళం వేసిన మర్నాటి నుంచే తెచ్చి నింపుతున్నాడు. పెద్దాయనను అడిగితే, నేను సైన్సు చూసుకుంటాను, గదులు చూసేది ఆయనే అన్నాడట. ఇంత సైన్సు చేసి, తల్లి దగ్గర పిల్ల ఉండకపోతే ఏమవుతుందో వేలసార్లు రాసుకుని, ఆఖరికి గదులు నావి కావు అంటాడా మనిషి.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. బస్తాలు నడిరోడ్డులో పారేస్తానని లేచాను. వదిన కూర్చోమంది. ఆ గొంతు నేను ఇదివరకు వినలేదు. అరుపు కాదు, బెదిరింపు కాదు. ఆ తల్లి ఎలుక గూటి అంచు కట్టుకునేటప్పుడు గొంతుంటే అలా ఉండేదేమో. ఈ పోలిక మాత్రం ఆమెకు చెప్పను.

“నేను ఎవరి మీదా పడను” అంది. “నా గది దగ్గర కూర్చుంటాను. లేవమన్నవాడే నా మీదికి రావాలి.”

మార్చి 19

టైపు ఆవిడ పిల్లాడితో సహా ఇంటికొచ్చింది. కడిగే గది ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. డాక్టరక్క కూడా వచ్చింది. వచ్చి నాతో మొదటి మాటగా, నీ పిడికిలి ఎలా ఉంది అంది. మధ్యలో కాస్త ఆగుతోంది అన్నాను. అప్పటికి ఆమె మొహం విచ్చుకుంది.

కరపత్రం నేనే రాయాలన్నారు. రాశాను. వదిన పెన్సిలు తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టింది. మహిళాలోకం పోయింది. సంకెళ్లు పోయాయి. చైతన్యజ్వాల అన్నదాన్ని మాత్రం కాసేపు చూసి, ఇది నీకు బాగా ఇష్టమైనట్టుంది పాపం అని, దాన్ని కూడా కొట్టేసింది. కరపత్రం సగం పేజీకి దిగింది. మొదటి పేరా నా తప్పు గురించే ఉండాలంది. అది లేకపోతే నమ్మరు అంది. నేనే రాశాను, నా చేత్తోనే.

నినాదాల కోసం రెండు మంచి పాదాలు కట్టాను. అవీ వద్దంది. ఆ గది గోడకు అవతల తల్లుల గది. పెద్ద చప్పుడు అయితే అవి బెదిరి పిల్లల్ని తొక్కేస్తాయి, తింటాయి కూడా. ఒకసారి వాటి గూట్లో చెయ్యి పెట్టావు చాలదా అంది. కాబట్టి నోరు మెదపకుండా కూర్చోవాలి. గొంతు చించుకోవడానికే పుట్టానని అనుకునే నాకు ఇంతకన్నా కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. చేస్తాను.

నాకు లోపలికి రావడానికి లేదు. పాపను ఎత్తుకుని గేటు దాకా వచ్చి, అందించి, బయట నిలబడతాను. లోపలికి వచ్చే పిల్లల సంగతి ఏమిటని గేటు మామను అడిగితే, ఒంటిగంటకు నా కళ్లు క్యారేజీ మీదే ఉంటాయి, ఎవరొచ్చారో నాకేం తెలుసు అన్నాడు.

రేపు పొద్దున పంచేది ఇది. ఒక కాపీ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

‘తప్పులు రెండు జరిగాయి. మొదటిది నాది. తల్లి ఎలుకలు మెత్తబడింది మా వదిన ఒంటి వాసన వల్ల కాదు, వాటి పిల్లల్ని నేను గంటల తరబడి ఆకలితో దూరంగా ఉంచడం వల్ల. అందుకు నన్ను పనిలోంచి ఆపారు. అది సరైనదే.

రెండోది సూపర్‌వైజరుది. వెనక వరండా చివరి గదికి ఆయన వేసిన తాళం ఇంకా అలాగే ఉంది. ఆ గది మా వదిన ఒక్కతెదే కాదు. పాలున్న ప్రతి తల్లిదీ.

ఈ రోజు ఆ గది ముందు కూర్చుందాం. పాలు తాగే పిల్లలున్నవాళ్లు వాళ్లను తెచ్చుకోండి. లేనివాళ్లు చాపలు తెచ్చుకోండి. ఎవరూ సెంటు పూసుకోవద్దు. ఎవరూ అరవవద్దు, గోడ అవతల తల్లులున్నాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, వాళ్లకు పాలివ్వండి. తాళం తీసేదాకా లేవకండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు.’